కూజా భాయ్ కుడిచెయ్యి

ముప్పయ్యొక్క సంవత్సరాల దోహా ఉద్యోగంలో జహాంగీర్ ఇతరుల ఉత్తరాలలోని తప్పులను ఎన్నడూ దిద్దలేదు. దిద్దడం ఆయన పని కాదు. వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్లే రిజిస్టరులో ఎక్కించడం, నంబరు వేయడం, తేదీ వేయడం, చేరవలసిన చోటికి చేర్చి సంతకం తీసుకోవడం, ఇంతవరకే ఆయన బాధ్యత. పై అధికారి మంగళవారాన్ని బుధవారమని వ్రాస్తే ఆయన కూడా బుధవారమనే ఎక్కించేవాడు. పక్కన మాత్రం పెన్సిలుతో సన్నని చుక్క ఒకటి పెట్టేవాడు. ఆ చుక్క అర్థం ఆయనకు తప్ప మరొకరికి తెలియదు.

డాక్యుమెంట్ కంట్రోలర్ అనే హోదా ఆయన బల్ల మీద ప్లాస్టిక్ పలకగా నిలబడి చాలా కాలమయింది. ఉత్తరాలన్నీ కంప్యూటరులోకి వెళ్ళి అంతకన్నా ఎక్కువ కాలమయింది. అయినా ముఖ్యమైనవాటిని నల్ల అట్ట రిజిస్టరులో స్వహస్తంతో నకలు తీసుకోవడం ఆయన మానలేదు. ఆ నిర్మాణ సంస్థలో అటువంటి రిజిస్టర్లు ఒక బీరువా నిండా ఉన్నాయి.

అటువంటి మనిషి బల్ల మీదికి 2025 మే నెల చివరి ఆదివారం ఉదయం ఒక ముసాయిదా వచ్చింది. టైపు చేసి, నంబరు వేసి, సంతకంతో తిరిగి పంపమని పైన చీటీ గుచ్చి ఉంది. ఆంగ్లంలో ఉన్న ఆ ముసాయిదా సారాంశం ఇది:

“మన సంస్థ 2007వ సంవత్సరములో నిర్మించిన ‘కూజా భాయ్’ మొదటి బొమ్మల చిత్రములో, నాటి చిత్రకారుని అజాగ్రత్త వలన రెండు దోషములు దొర్లినవి. ఒకటి, కూజా భాయ్ కార్మికునికి నీటి గ్లాసును ఎడమచేతితో అందించుట. రెండు, మధ్యాహ్న విరామ సమయమును గడియారములో పన్నెండున్నరగా చూపుట. ఈ దోషములకు సంస్థ బాధ్యత లేదు. నూతన చిత్రములో ఇవి సరిదిద్దబడినవి. చిత్రకారుడు ఇందుకు తన అంగీకారమును దిగువ సంతకముతో తెలుపుచున్నాడు.”

దిగువన ఒక గీత. గీత కింద పేరు: జహాంగీర్.

ఎవరి మీద నేరం మోపారో ఆ మనిషే నేరపత్రాన్ని టైపు చేయాలి. నంబరు ఆయనే వేయాలి. సంతకమూ ఆయనే చేయాలి. జహాంగీర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చెవులు రెండూ కాగిపోయాయి. అరవై ఒక్క సంవత్సరాల వయసులో తన అజాగ్రత్తను తానే శుద్ధప్రతి వ్రాసుకోవలసి రావడమా! అయినా చేతులు అలవాటు చొప్పున కదిలాయి. ఉత్తరం టైపు అయింది. నంబరు పడింది. సంతకం గీత మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఆ కూజా భాయ్ ఎవరో, అతనికీ జహాంగీర్‌కూ ఉన్న సంబంధమేమిటో ఇక్కడ చెప్పాలి.

జహాంగీర్ స్వస్థలం బోధన్. తండ్రి చక్కెర కర్మాగారంలో ఫిట్టరు. నిజామాబాద్ ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివేటప్పుడు అక్కడి ఉపాధ్యాయుడు ఒక పద్ధతి నేర్పాడు. ట్రేసింగ్ కాగితం మీద ముందువైపు పెన్సిలుతో గీయాలి. తర్వాత కాగితాన్ని తిరగేసి, అద్దపు బల్ల కింద దీపం వెలిగించి, వెలుగులో కనబడే ఆ గీతల మీదుగా వెనుకవైపు సిరా పెట్టాలి. మళ్ళీ తిరగేసి ముందువైపు పెన్సిలును రబ్బరుతో తుడిచేస్తే వెనుకనున్న సిరాకు గీరు కూడా పడదు. అటువంటి బొమ్మను ఎప్పుడూ సిరా లేని వైపు నుండే చూడాలి. జహాంగీర్ చేతికి ఆ పద్ధతి అన్నం తినే పద్ధతిలా అలవడిపోయింది. దోహాకు వచ్చిన తర్వాత పన్నెండేళ్ళు అదే పద్ధతిలో నక్షాలు గీశాడు. తర్వాత కంప్యూటరు నక్షాలు వచ్చాయి. అద్దపు బల్ల మూలకు చేరింది. జహాంగీర్‌కు ఉత్తరాల పని అప్పగించారు.

2007 వేసవిలో, మండే నెలల్లో పగలు పదకొండున్నర నుండి మూడు గంటల వరకు ఆరుబయట పని చేయించరాదన్న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దాని నకలు జహాంగీరే రిజిస్టరులో ఎక్కించాడు. సంస్థవారు ఆ ఉత్తర్వును ఏడు భాషలలో అచ్చువేయించి, సైటులో తలుపంత బోర్డు కట్టించారు. కట్టించిన మూడవ రోజున, పన్నెండు గంటలకు, ఒక కాగితం మీద సంతకం కోసం సైటుకు వెళ్ళిన జహాంగీర్‌కు ఆ బోర్డు పక్కనే ఇనుప చువ్వలకు తీగ చుడుతూ ఒక మనిషి కనబడ్డాడు. కోరుట్ల పక్క పల్లెకు చెందిన హన్మాండ్లు. చొక్కా మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది.

“ఏందయ్యా, బోర్డు సూడలేదా? పదకొండున్నరకు పని బంద్!”

“సూసిన సాబ్. మస్తు పెద్దగుంది. జరసేపైతే దాని నీడకు నిలవడి నీళ్ళు తాగుదమనుకున్న. ఏం రాసిండ్రు సాబ్ దాని మీద?”

జహాంగీర్ తల తిప్పి బోర్డును చూశాడు. ఏడు భాషల ఉత్తర్వు ఆ మనిషికి నీడ మాత్రమే ఇచ్చింది, అదీ తీగ చుట్టడం అయిన తర్వాత. తాను ఎంత శ్రద్ధగా నకలు తీశాడు! ఎన్ని చోట్ల సంతకాలు తీసుకున్నాడు! చేరవలసిన మనిషికి తప్ప అందరికీ చేర్చాడు.

ఆ కోపంలో పుట్టినవాడు కూజా భాయ్. మట్టి కూజాకు కాళ్ళూ చేతులూ, నెత్తి మీద పసుపుపచ్చ హెల్మెట్. అక్షరం ఒక్కటి లేదు. గడియారంలో అంకెలు కూడా లేవు, ఎందుకంటే అంకెలను ఒక్కొక్క దేశంవాడు ఒక్కొక్క తీరున వ్రాస్తాడు. కూజా భాయ్ తప్పటడుగులతో వస్తాడు, ఎండలో పనిచేస్తున్న మనిషిని చూస్తాడు, గడియారం చూపిస్తాడు, భుజం తట్టి నీడకు తీసుకువెళ్ళి గ్లాసుతో నీళ్ళు ఇస్తాడు. అంతే. నాలుగు వందల పన్నెండు కాగితాలు. డ్యూటీ అయిన తర్వాత మూలనున్న అద్దపు బల్లను తుడిచి, రోజుకు పది పన్నెండు కాగితాల చొప్పున గీశాడు.

నీళ్ళిచ్చే తీరు కోసం హన్మాండ్లును ఎదురుగా నిలబెట్టాడు. హన్మాండ్లు కుడిచేత్తో గ్లాసు పట్టి, ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించి, కొంచెం వంగి ఇచ్చాడు.

“గట్లెందుకు, రెండో చెయ్యి మోచేతికి పెట్టినవ్?”

“మా అవ్వ భూమవ్వ నేర్పింది సాబ్. ఇంటికి ఎవలన్నొస్తే గిట్లనే ఇయ్యాలె. లేకుంటే నెత్తి మీద ఒక్కటి ఏసేది.”

ఆ భంగిమే కూజా భాయ్ భంగిమ అయింది. గీసిన కాగితాలను ఒక్కొక్కటిగా ఫొటో తీసినవాడు కృష్ణప్రసాద్. తణుకు నుండి కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు, అప్పటికి పాతికేళ్ళవాడు. అద్దపు బల్ల మీద సిరా కిందికి వచ్చేటట్లు కాగితం పరచడం, నాలుగు మూలలా బరువులు పెట్టడం, పైనుండి కెమెరా నొక్కడం అతని పని. ఎంతో ఉత్సాహంగా చేశాడు కూడా.

నలభై సెకన్ల ఆ చిత్రాన్ని క్యాంపు భోజనశాలలో తెల్లని దుప్పటి పరదా కట్టి మొదటిసారి వేశారు. చోటు చాలక, ఆలస్యంగా డ్యూటీ దిగిన ముప్పయిమంది పరదా వెనుక కూర్చున్నారు. బొమ్మ అటునుండి కూడా కనబడింది గాని తిరగబడి కనబడింది. “ఎడమచేత్తో ఇస్తుండేంది వీడు!” అని వెనుకనుండి గోల లేచింది. జహాంగీర్ వారిని ముందుకు పిలిచి మళ్ళీ వేయించాడు. అప్పుడు ఊరుకున్నారు. మరునాడు పదకొండున్నరకు, ఎవరూ చెప్పకుండానే, నలుగురు నాలుగు దేశాలవారు ఒకరినొకరు “కూజా భాయ్, యల్లా!” అని, నడవమనే అరబ్బీ మాటతో పిలుచుకుంటూ నీడకు నడిచారు.

తర్వాత కూజా భాయ్ నీళ్ళ కూలర్ల మీద, హెల్మెట్ల మీద, క్యాంపు బస్సుల అద్దాల మీద ఎక్కాడు. విరామవేళలు మారి, ఇప్పుడు పది నుండి మూడున్నర వరకు అయినప్పటికీ కూజా భాయ్ మాత్రం మారలేదు. అతనిని గీసిన మనిషి మళ్ళీ ఉత్తరాలకు నంబర్లు వేసుకుంటూ, అల్ మన్సూరాలోని రెండు గదుల ఇంట్లో భార్య సుర్రయ్యాతో కాలం గడిపాడు. పేరు కావాలని ఒక్కనాడూ అడగలేదు. కూజా భాయ్ చెయ్యి ఎత్తి నీళ్ళిస్తుంటే అది చాలుననుకున్నాడు.

ఈ సంవత్సరం సంస్థవారు పద్దెనిమిదేళ్ళ కూజా భాయ్‌ను కొత్తగా, కంప్యూటరు బొమ్మగా తీయించారు. కొత్తదానితో పాటు పాత చిత్రాన్ని కూడా శుభ్రపరచి చూపాలని నిశ్చయించి, జహాంగీర్ బీరువాలోని కాగితాలను బయటి స్టూడియోకు పంపారు. ఆ ఆదివారానికి ముందు గురువారం అల్ తుమామాలోని కార్యాలయంలో ఉద్యోగులకు, వారి కుటుంబాలకు ముందుగా చూపారు. జహాంగీర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సుర్రయ్యాతో మూడవ వరుసలో కూర్చున్నాడు.

దీపాలు ఆరిపోయాయి. కూజా భాయ్ తప్పటడుగులతో వచ్చాడు. గడియారం చూపాడు. మనిషిని నీడకు తీసుకువెళ్ళి, ఎడమచెయ్యి చాచి గ్లాసు ఇచ్చాడు.

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. “అరే, కూజా భాయ్ లెఫ్ట్ హ్యాండా?” ఇంకెవరో అన్నారు, “గడియారం చూశారా? పన్నెండున్నర! గంట ఎక్కువ పని చేయించారన్నమాట!”

వేదిక మీదికి కృష్ణప్రసాద్ వచ్చాడు. ఇప్పుడతడు ఆ విభాగానికే అధిపతి. నవ్వుతూ చేతులు జోడించాడు. “ఆ రోజుల్లో మన దగ్గర ఆర్టిస్టులు లేరండీ. ఆఫీసులో ఎవరికి బొమ్మ వస్తే వాళ్ళచేత గీయించాం. చిన్న చిన్న పొరపాట్లు జరిగాయి. కొత్తదాంట్లో అన్నీ కరెక్ట్ చేశాం. కంగారేం లేదు.”

చప్పట్లు కొట్టారు. సుర్రయ్యా భర్త వైపు వంగి, దక్కనీలో గుసగుసలాడింది. “ఏ క్యా జీ? నలభై ఏళ్ళ కాపురంలో నాకు కూడా మీరు ఎడమచేత్తో గ్లాసు అందివ్వలేదు కదా!”

అవమానం కన్నా ముందు జహాంగీర్‌ను సందేహం పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. కళ్ళెదుట బొమ్మ ఉంది. తన చెయ్యే అట్లా గీసిందేమో? దాహంతో ఉన్న మనిషికి ఎడమచేత్తో నీళ్ళిచ్చే బొమ్మను తానే గీసి, ఇన్నాళ్ళూ కుడిచెయ్యి అనుకుని మురిసిపోయాడేమో?

ఆ సందేహం తీరకముందే కృష్ణప్రసాద్ గది నుండి ఆదివారం నాటి ముసాయిదా వచ్చింది.

ఆ సాయంత్రం సుర్రయ్యా పోరు పడలేక గడ్డం కత్తిరించుకోవడానికి వీధి చివరి మంగలి దుకాణానికి వెళ్ళాడు. “శుక్రవారం క్యాంపులో సినిమా వేసేటప్పుడు అందరూ వస్తారు. ఓడిపోయిన మనిషిలా పోకండి,” అని ఆమె పంపింది. కుర్చీలో కూర్చుని, ఎదుటి నిలువుటద్దంలో తన ముఖాన్ని చూసుకుంటూ, ఖాళీ గీతనే తలచుకున్నాడు. అద్దంలో, వెనుక గోడ మీది అంకెలు లేని గడియారం అయిదు గంటల నలభై నిమిషాలు చూపుతోంది. అంతలో మసీదు నుండి మగ్రిబ్ అజాన్, సూర్యాస్తమయపు నమాజు పిలుపు, వినబడింది.

అయిదు నలభైకి అజానేమిటి? నలభై నిమిషాలు ముందా?

జహాంగీర్ వెనుదిరిగి గోడ వైపు చూశాడు. ఆరు గంటల ఇరవై నిమిషాలు.

మళ్ళీ అద్దంలో చూశాడు. అయిదు నలభై. గోడ మీద ఆరు ఇరవై. ఆయన ఒక్క ఉదుటున లేచాడు. సగం కత్తిరించిన గడ్డం, మెడ చుట్టూ గుడ్డ.

“బైఠో చాచా! ఆధా బాకీ హై!” అని మంగలి అరిచాడు.

పదకొండున్నరను అద్దంలో చూస్తే పన్నెండున్నర! కుడిచేతిని అద్దంలో చూస్తే ఎడమచెయ్యి! కాగితాలను సిరా వైపు నుండి చిత్రం తీశారు. తప్పు గీసిన చేతిది కాదు, చూసిన కంటిది. మూడు రోజులుగా తనను తానే దొంగను చూసినట్లు చూసుకున్నాడే! అప్పటిదాకా గుండెలో ముడుచుకుని ఉన్న సందేహం ఒక్కసారిగా ఆగ్రహమయింది. గడ్డం పూర్తయ్యేదాకా ఆ కుర్చీలో ఆయన ఎట్లా కూర్చున్నాడో మంగలికే తెలియాలి.

సోమవారం ఉదయం ముందుగా స్టూడియోకు ఫోను చేశాడు. కాగితాలను స్కాన్ చేసినది తూబా అనే యువతి. హైదరాబాదు కుటుంబం, పుట్టి పెరిగింది దోహాలోనే.

“సిరా మెరిసే వైపే ముందనుకున్నా అంకుల్. కాగితాల మీది నంబర్ల టేపులు పాతబడి ఊడిపోతుంటే తీసేసి కొత్త చీటీలు పెట్టా. ఎటు నుంచి చూడాలో ఎవరూ చెప్పలేదు.”

“చెప్పలేదా? డబ్బాల మీద ఉత్తరం పెట్టి పంపిన కద బేటా. సిరా కిందికి పెట్టి చూడాలె అని రాసిన.”

“డబ్బాలే వచ్చాయి అంకుల్. ఉత్తరమేం రాలేదు. మీ ఆఫీసు ఒప్పుకుంటే రెండు గంటల్లో తిప్పేస్తా, కంప్యూటర్లో ఒక్క నొక్కు. కానీ కృష్ణప్రసాద్ సార్ చెప్పాలి.”

ఒక్క నొక్కు! జహాంగీర్ రిజిస్టరు తీశాడు. మార్చి నెల పేజీలో ఆ ఉత్తరం నకలు, దాని కింద ‘అందినది’ అని కృష్ణప్రసాద్ సంతకం స్పష్టంగా ఉన్నాయి. రిజిస్టరును రెండు చేతులా పట్టుకుని కృష్ణప్రసాద్ గదిలోకి వెళ్ళి, పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

కృష్ణప్రసాద్ చదివాడు. ముఖం కొద్దిగా మారింది గాని మాట మారలేదు. “జహాంగీర్ గారూ, రోజుకు వంద సంతకాలు పెడతానండీ. ఏది ఎక్కడికెళ్ళిందో నాకేం తెలుసు?”

“తెల్వకుంటే పోనియ్యండి సార్. ఇప్పుడు తెలిసింది కద. తిప్పి వేయించుండ్రి.”

“ఎలాగండీ? శుక్రవారమే ప్రోగ్రాం. మూడు వేల పుస్తకాలు అచ్చయిపోయాయి. ‘తప్పులు దిద్దుకున్న కూజా భాయ్’ అని అట్ట మీదే వేశాం. ఇప్పుడు తప్పు లేదంటే మనం నవ్వులపాలు. పైగా పన్నెండున్నర గడియారం చూసి ఎవరైనా ఇన్‌స్పెక్టరు అడిగితే? ఒక మనిషి పొరపాటు అనేస్తే గొడవ ఉండదు. మీకేం నష్టం చెప్పండి? సంవత్సరం తిరిగేసరికి రిటైరైపోతారు. ఎవరికి గుర్తుంటుంది?”

“నాకుంటది సార్.”

“అబ్బా, కుడిచెయ్యో ఎడమచెయ్యో! బొమ్మే కదండీ!”

జహాంగీర్ రిజిస్టరు మీద అరచెయ్యి ఆనించాడు. “బొమ్మనే సార్. ఆ బొమ్మను సూసే మనుషులు పద్దెనిమిదేండ్లు నీడకు పోయిండ్రు. ఎడమచేత్తో ఇస్తే మావోళ్ళు తాగరు, మీవోళ్ళు తాగరు. ఆ రోజు ఒక్కో కాగితం సిరా కిందికి పరిచి ఫొటో తీసింది ఎవరు? మీరే! నాలుగు వందల పన్నెండు సార్లు పరిచినరు. యాదికి లేదా?”

కృష్ణప్రసాద్ ఫోను చేతిలోకి తీసుకుని దానినే చూస్తూ అన్నాడు. “శుక్రవారం లోపల సంతకం పెట్టి ఇచ్చెయ్యండి. ప్లీజ్.”

రిజిస్టరు మూసి జహాంగీర్ బయటికి వచ్చాడు. మధ్యాహ్నం అన్నం సయించలేదు. మదీనత్ అల్ షమాల్ సైటులో ఉన్న హన్మాండ్లుకు ఫోను చేశాడు. తీగ చుట్టిన హన్మాండ్లు ఇప్పుడు పదిమంది మీద మేస్త్రీ వంటి చార్జ్‌హ్యాండు.

జరిగినదంతా విని హన్మాండ్లు ముందు తిట్లు తిట్టాడు. అవి వ్రాయదగినవి కావు. తర్వాత అన్నాడు, “నా చెయ్యి అది! మా అవ్వ నేర్పిన చెయ్యి! దాన్ని ఎడమ జేస్తరా? సాబ్, మీకు యాదికుందా, మొదలు సినిమా ఏసిన్నాడు నేను లేటొచ్చి పరదా ఎనక కూసున్న. నా చెయ్యే నాకు ఎడమచెయ్యి లెక్క కనవడ్డది. కొట్లాటకు లేసింది నేనే.”

“ఆ, నువ్వే లొల్లి వెట్టినవ్.”

“మరిగ సీదా ఉన్నది ఎనక నుంచి ఉల్టా కనవడ్డప్పుడు, ఉల్టా ఉన్నది ఎనక నుంచి సీదా కనవడదా?”

జహాంగీర్ ఫోను పెట్టేశాడు. తర్వాత కృష్ణప్రసాద్‌కు ఒక చీటీ వ్రాశాడు. శుక్రవారం పాత చిత్రాన్ని గోడ మీద కాక, నాటి వలెనే, భోజనశాల నడుమ దుప్పటి పరదా మీద ప్రదర్శించినచో సముచితముగా ఉండునని మనవి. ఫొటోలు బాగా వస్తాయని కృష్ణప్రసాద్ వెంటనే ఒప్పుకున్నాడు. దుప్పటి సుర్రయ్యా ఇచ్చింది. ఇస్త్రీ చేసి, మడత పెట్టి, “మరక అంటకుండా తెండి,” అని చెప్పి మరీ ఇచ్చింది.

శుక్రవారం నమాజు, భోజనాలు అయిన తర్వాత క్యాంపు భోజనశాలలో కిటికీలకు అట్టలు అడ్డుపెట్టారు. పరదా ముందు అతిథులకు మెత్తటి కుర్చీలు, వారి వెనుక బెంచీల మీద రెండు వందల మంది కార్మికులు. పరదాకు అవతలి సగం ఖాళీ. ప్రతివారి చేతిలోనూ ‘తప్పులు దిద్దుకున్న కూజా భాయ్’ పుస్తకం ఉంది. జహాంగీర్ గోడ వారగా నిలబడ్డాడు. జేబులో నంబరు పడి, సంతకం పడని ఉత్తరం ఉంది.

చిత్రం మొదలయింది. గడియారం పన్నెండున్నర చూపింది. కూజా భాయ్ ఎడమచెయ్యి చాచాడు. బెంచీల మీద గుసగుసలు లేచాయి. ఒకతను “తౌబా!” అన్నాడు. ఇంకొకతను “ఛీ, గిదేం ఇచ్చుడు!” అన్నాడు. జహాంగీర్ ముందే చెప్పి ఉంచిన ప్రకారం ప్రొజెక్టరు దగ్గర కూర్చున్నవాడు చిత్రాన్ని మళ్ళీ మొదటికి తిప్పాడు. అప్పుడు హన్మాండ్లు లేచాడు.

“అన్నలారా! భాయియోఁ! ఇక్కడ కూసుంటే ఎడమచెయ్యే కనవడ్తది. కుడిచెయ్యి సూడాల్నంటె పరదా ఎనకకు రాండ్రి! ఉధర్ ఆవో! యల్లా, యల్లా!”

ఏమి జరుగుతోందో ముందు ఎవరికీ తెలియలేదు. హన్మాండ్లు కింద పనిచేసే పదిమంది కదిలారు. వారి వెనుక ఇరవైమంది. తర్వాత బెంచీలన్నీ గరగరలాడాయి. రెండు వందల మంది చెప్పులు ఈడ్చుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ పరదా అవతలికి చేరారు. అవతలినుండి ఒక్కసారిగా కేక లేచింది. “కుడిచెయ్యి! సీదా హాథ్! గడియాల్ సూడు, గడియాల్! పదకొండున్నర!” ఎవరో ఈల వేశారు. “కూజా భాయ్, యల్లా!” అన్న పాత పిలుపు పది గొంతుల నుండి ఒకేసారి వచ్చింది.

ముందువైపు మెత్తటి కుర్చీలలో అతిథులు ఆరుగురు, కృష్ణప్రసాద్ మిగిలారు. అతిథులలో ఒకరు పుస్తకం అట్ట వైపు చూసి, పరదా వైపు చూసి, కృష్ణప్రసాద్ వైపు చూశారు. లేచి పరదా వెనుకకు నడిచారు. మిగిలినవారు కూడా ఆయనను అనుసరించారు.

చివరికి కృష్ణప్రసాద్ కూడా లేచాడు. పరదా అవతలికి వచ్చి, జనంలో నిలబడి చూశాడు. కూజా భాయ్ కొంచెం వంగి, ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించి, కుడిచేత్తో గ్లాసు ఇస్తున్నాడు. తాను ఒక్కొక్క మూలా బరువు పెట్టి తీసిన ఫొటోలు. కృష్ణప్రసాద్ మెడ ఎర్రబడింది. చాలాసేపటికి జహాంగీర్ నిలబడ్డ చోటికి వచ్చాడు.

“ఇదంతా అవసరమా అండీ? అందరి ముందూ!”

“సోమవారం మీ గదిలో మనమిద్దరమే ఉంటిమి సార్. అప్పుడు అవసరమని మీరు అనుకోలేదు.”

కృష్ణప్రసాద్ తల దించుకున్నాడు. “సరే. తూబాకు నేను చెప్తాను, తిప్పేస్తుంది. ఆ లెటరు చించేయండి.”

“చించుడు కుదరదు సార్. నంబరు పడింది.”

“అయితే?”

“రద్దు ఉత్తరం రావాలె. మీ సంతకంతోని.”

“నా సంతకమా?”

“సిరా కిందికి పెట్టి ఫొటో తీసినోరు మీరే కద.”

ఆదివారం ఉదయం రద్దు ఉత్తరం ముసాయిదా జహాంగీర్ బల్ల మీదికి వచ్చింది. “కొన్ని అనివార్య సాంకేతిక కారణముల వలన” పూర్వపు ఉత్తరమును ఉపసంహరించుకొనుచున్నామని అందులో ఉంది. జహాంగీర్ చదివాడు. రెండవసారి చదివాడు. మూడు రోజులు తన చేతిని తానే నమ్మలేకపోవడం అనివార్యమా? మూడు వేల పుస్తకాలు అప్పటికే ప్రతి క్యాంపుకూ చేరాయి. ఎన్ని బల్లల మీద, ఎన్ని మంచాల మీద ఆ అట్ట కనబడుతుందో! వాటిని వెనక్కి తెప్పించేవారెవరూ లేరు. పెన్సిలు తీసి, ఎప్పటివలె చుక్క పెట్టబోయాడు.

పెన్సిలు కింద పెట్టి కలం తీసుకున్నాడు. ముప్పయ్యొక్క సంవత్సరాలలో మొదటిసారి, మరొకరి ఉత్తరంలోని వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. దాని పైన ఆంగ్లంలో, తన గుండ్రని దస్తూరితో, “కాగితమును ఏ వైపు నుండి చూడవలెనో తెలిపిన ఉత్తరము మా కార్యాలయమునకు అందియు, మేము దానిని ముందుకు పంపనందువలన” అని వ్రాశాడు. టైపు చేశాడు. నంబరు వేశాడు. రిజిస్టరును చంకలో పెట్టుకుని, కృష్ణప్రసాద్ గది తలుపు తట్టాడు.

కృష్ణప్రసాద్ ఆ వాక్యం దగ్గర ఆగాడు. తలెత్తి జహాంగీర్ ముఖం చూశాడు. జహాంగీర్ మార్చి నెల పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టిన రిజిస్టరును చూసి, సంతకం చేశాడు.

జహాంగీర్ ఆ కాగితాన్ని అందుకుని, సిరా ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు.